బెల్లు మోగితేనే బొమ్మ

మా అత్తయ్య చూసిన సినిమాలకు లెక్క లేదు. వాటిలో మొదటి నుంచి చూసినది మాత్రం ఒక్కటీ లేదు. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నవ్వుతారు. ఆవిడ ఉద్యోగం సినిమా హాల్లో, మొగుడు అదే హాల్లో ఆపరేటరు, ఇంకేం తక్కువ అనుకుంటారు. అలా అనుకునేవాళ్లు ఎప్పుడూ టికెట్ల కౌంటర్లో కూర్చుని ఉండరు. బొమ్మ పడ్డాక కూడా పిల్లల్ని ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లందరికీ టికెట్లిచ్చి, పెట్టెకు తాళం వేసి, చీకట్లో గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లేసరికి కథ ముదిరిపోయి ఉంటుంది. చివరలు మాత్రం రోజులో ఆఖరి ఆటలో చూసేది. మొదలు ఏ ఆటలోనూ దొరికేది కాదు.

ఆ మొదళ్లు చెప్పే పూచీ మా మావయ్యది. మావయ్య అంటే మా అమ్మకు స్వయానా తమ్ముడు, ఆ హాలు తెరిచిన రోజు నుంచి కేబిన్‌లో ఉన్న మనిషి. కొత్త సినిమా పడిన మర్నాడు పొద్దున్నే అత్తయ్య టీ గ్లాసు చేతికిచ్చి, "ఇంతకీ మొదట ఏమైందండీ" అని అడిగేది. మావయ్య గ్లాసు పట్టుకుని గోడవైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టేవాడు. ఆ గోడ మీద మసి తప్ప ఏమీ ఉండేది కాదు. చిన్నప్పుడు నేను వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఈ వైభవం చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆయనకు మాత్రం ఏం తెలుసని? మొదటి రీలు తిరుగుతుంటే బొమ్మకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీల మంట సరిచూసుకోవాలి, బొమ్మ మసకబారకుండా లెన్సు తిప్పుకోవాలి, పక్కనున్న రెండో మెషీనుకు తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచాలి. కేబిన్ కంతలోంచి తీరిగ్గా చూసే వేళకు హీరో పెరిగి పెద్దవాడై పోట్లాటలోకి దిగి ఉంటాడు. అందుకని మొదళ్లు మావయ్యే సొంతంగా అల్లేవాడు. ఆయన చేతిలో పడిన హీరోలందరూ చిన్నప్పుడు తప్పిపోయినవాళ్లే. ఒకసారి హీరో, విలను కవలపిల్లలని చెప్పాడు. అత్తయ్య ఆ సంగతి కుళాయి దగ్గర చెబితే పక్కింటావిడ పడిపడి నవ్విందట. అత్తయ్య ముఖం గంటు పెట్టుకుని ఇంటికొచ్చి నిలదీసింది. మావయ్య తొణకలేదు. "ఆవిడ చూసింది వేరే ప్రింటు అయ్యుంటుంది" అన్నాడు. అత్తయ్య మర్నాడు కుళాయి దగ్గర ఆ మాట కూడా చెప్పొచ్చింది. నేను ఇంట్లోవాళ్లందరికీ చెప్పి నవ్వించాను. అత్తయ్య ఇంత అమాయకురాలేమిటి అని మేమంతా ఆశ్చర్యపోయేవాళ్లం.

హాలు సంగతి కాస్త చెప్పాలి. అది మొదట్లో వేరుశనగ గోదాము. పెద్ద ఓనరుగారు ధాన్యం, నూనెగింజల వ్యాపారి. ఆయనకు సినిమాల మీద ప్రేమేం లేదు. ఒక ఏడు పంట దెబ్బతిని గోదాము ఖాళీగా పడి ఉంటే, ఎక్కడో మూతపడిన హాలు తాలూకు పాత మెషీన్లు చవగ్గా వస్తున్నాయని కొనిపడేశాడు. గోడకు సున్నం కొట్టించి దాని మీదే బొమ్మ వేయించాడు. తెర తర్వాతెప్పుడో వచ్చింది. గోదాము కాబట్టి మధ్యలో స్తంభాలుండేవి, వాటి వెనక కూర్చున్నవాళ్లకు సగం బొమ్మే కనబడేది. ఆ సీట్లు ఎవరికి అంటగట్టాలో అత్తయ్యకు బాగా తెలుసు. కొత్తగా పెళ్లయిన జంట కౌంటరు దగ్గరికొస్తే ఇంకేం అడగకుండా స్తంభం వెనక టికెట్లు చింపి ఇచ్చేది. ఒక్కరు కూడా వెనక్కి వచ్చి గొడవ పెట్టుకోలేదు.

పెద్ద ఓనరు పెట్టిన నియమం ఒకటుంది. ఊరికి అవతల నూలు మిల్లు ఉంది. పగటి షిఫ్టు దిగిన మనుషుల్ని ఊళ్లోకి తీసుకొచ్చే బస్సు హాలు ముందే ఆగుతుంది. ఆ బస్సు రాకుండా సాయంత్రం ఆట మొదలుపెట్టకూడదు. "పొద్దంతా నిలబడి పనిచేసొచ్చేవాళ్లు. వాళ్లకి మొదలు పోకూడదు" అనేవాడట. గడియారం ఏం చూపించినా సరే, బస్సు రావాలి, బస్సులోవాళ్లు టికెట్లు తీసుకోవాలి, అప్పుడు అత్తయ్య కౌంటరు బల్ల కింద ఉన్న బటన్ నొక్కాలి. దాని తీగ గోడ వెంబడి పాక్కుంటూ పైన కేబిన్‌లోకి వెళ్తుంది. అక్కడ బెల్లు మోగుతుంది. బెల్లు మోగితేనే బొమ్మ. మావయ్య తన జన్మలో ఆ బెల్లు లేకుండా ఆట మొదలుపెట్టింది లేదు. ఊరంతా అత్తయ్యను బెల్లత్త అనేవారు. ఆవిడకు ఆ పేరంటే లోపల్లోపల గర్వమే.

అంటే ఊరందరికీ మొదలు అందేలా చూసిన మనిషికి మొదలు దొరకలేదన్న మాట. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆవిడకు మాత్రం మండలేదు. "వేరే ఊళ్లో సినిమాకెళ్లి చూడొచ్చుగా అత్తయ్యా" అని ఒకసారి అడిగాను. "మన హాలు పెట్టుకుని ఇంకొకళ్ల హాల్లో టికెట్టు కొనుక్కోనా" అంది, నేనేదో తప్పుడు మాట అన్నట్టు. టీవీ సంగతెత్తితే, "దాంట్లో చూస్తే వంటింట్లోంచి చూసినట్టే ఉంటుందే" అనేది. నిజానికి ఆవిడ టీవీ చూసేది వంటింట్లోంచే.

పెద్ద ఓనరు పోయాడు. ఆయన కొడుకును అందరూ చిన్న ఓనరు అంటారు. ఆయన మంచివాడు కాదనలేను. మంచివాడే, కాకపోతే హాలంటే విసుగు. ఊళ్లో మిగతా రెండు హాళ్లూ మూతపడ్డాక, మనదీ మూతపడకూడదంటే కొత్త మెషీను తప్పదని ఏదో కంపెనీ నుంచి అద్దెకు తెచ్చాడు. రీళ్లు పోయాయి, కడ్డీలు పోయాయి, బీరువా అంత పెట్టె ఒకటి వచ్చింది. దాని కోసం కేబిన్‌లో ఏసీ పెట్టారు. మావయ్య అన్నేళ్లు ఆ మంటల పక్కన చెమటలు కక్కితే ఒక ఫ్యాను వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పెట్టెకు మాత్రం వచ్చిన రోజే ఏసీ వచ్చింది.

కొత్త పెట్టెతో వచ్చిన చిక్కు తాళం. సినిమా పెట్టెలో పడుకునే ఉంటుంది, కానీ తెరుచుకోదు. కంపెనీవాళ్లు ఎక్కడో నగరంలో కూర్చుని కంప్యూటర్లోంచి తాళం పంపాలి. ఏ రోజు ఏ వేళ నుంచి ఏ వేళ వరకు ఆడొచ్చో ఆ తాళంలోనే ఉంటుంది. ఒక పండగపూట హాలు కిటకిటలాడుతుంటే తాళం రాలేదు. జనం కుర్చీలు విరగ్గొట్టారు. రీలు తెగితే రెప్పపాటులో అతికించి మళ్లీ నడిపించే మనిషి, ఆ రోజు బాల్కనీలోకి వచ్చి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆ తర్వాత చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూలన గుడ్డ కప్పి పెట్టిన పాత మెషీన్ను రోజూ తుడవడం మాత్రం మానలేదు. ఎందుకు మావయ్యా అంటే, "ఇదైతే నా మాట వింటుంది" అనేవాడు.

ఆ రోజుల్లోనే అత్తయ్య గుమ్మాలకు భుజాలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కనుంచి ఎవరైనా గ్లాసు అందిస్తే చూసేది కాదు. ఒకరోజు వీధిలో సైకిలు గుద్దుకుంటే అప్పుడు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నీటికాసులన్నాడు. చూపు అంచుల నుంచి తగ్గుతూ లోపలికొస్తుందట. "పోయిన చూపు రాదమ్మా, ఉన్నదాన్ని కొన్నాళ్లు కాపాడుకుందాం" అన్నాడు. చుక్కల మందు రాసిచ్చాడు. బయటికొచ్చాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు నాకు అంతా కౌంటరు కంతలోంచి చూసినట్టుందే" అంది. అదేదో తమాషా సంగతిలా చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఏడిస్తే ఆవిడ ఎదుటే ఏడవాలి, అందుకని మందుల షాపు వెతికే వంకతో ముందుకు నడిచాను.

కౌంటరు పని మాత్రం ఆగలేదు. కంతలోంచి లోపలికొచ్చే చెయ్యి ఒక్కటి కనబడితే చాలు కదా, అది కనబడుతూనే ఉంది.

తర్వాత కొన్నాళ్లకే చిన్న ఓనరు కబురు చెప్పాడు. హాలు కొట్టేసి టైల్సు షోరూము కడుతున్నారు. మిల్లు కూడా అప్పటికి సగం మూసేశారు. బస్సులో వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. కంపెనీ పెట్టెను వాళ్లు వచ్చి పట్టుకుపోతారు. ఆఖరి ఆట ఫలానా సాయంత్రం. మావయ్య కేబిన్‌లోకి వెళ్లి పాత మెషీను తుడుచుకున్నాడు. అత్తయ్య మాత్రం చిన్న ఓనరు ముందు నిలబడి, ఆ హాల్లో పనిచేసినన్నాళ్లూ అడగనిది అడిగింది. "బాబూ, ఆ రోజు నేను కౌంటర్లో కూర్చోను. లోపల కూర్చుని బొమ్మ మొదటి నుంచి చివరిదాకా చూస్తాను. ఈ కళ్లకి మళ్లీ కుదురుతుందో లేదో." చిన్న ఓనరు కళ్లు దించుకుని, "మీ ఇష్టం అత్తా, మీ హాలు" అన్నాడు. కౌంటర్లో కూర్చోవడానికి నేను వెళ్లాను.

ఆ రోజు అత్తయ్య తయారైన తీరు చూస్తే పెళ్లికి వెళ్తున్నట్టుంది. పట్టుచీర కట్టింది. కళ్లలో మందు ముందే వేసుకుని, రెప్పలు ఆర్పుకుంటూ కూర్చుంది. ఆవిడకోసం మావయ్య సీటు ఒకటి ఎంచి పెట్టాడు. సరిగ్గా మధ్యలో, మరీ దగ్గరా మరీ దూరం కాకుండా, తెర మొత్తం ఆ మిగిలిన చూపులో ఇమిడేచోట. పొద్దున వచ్చి ఒక్కొక్క వరసలో కూర్చుని, అరచేతులు కళ్లకు రెండు పక్కలా అడ్డం పెట్టుకుని చూసి మరీ ఎంచాడు. ఊళ్లోవాళ్లు చాలామందే వచ్చారు. మామూలు రోజుల్లో వచ్చి ఉంటే హాలు మూతపడేదే కాదు అని నా నోటిదాకా వచ్చింది, మింగేశాను.

వేళయింది. బస్సు రాలేదు.

మావయ్య పైనుంచి ఫోను చేశాడు. "ఏమ్మా, మోగిస్తావా" అన్నాడు. ఆ గొంతులో తొందర ఉంది. కంపెనీ ఇచ్చిన తాళం ఆ సాయంత్రం ఆట వరకే. సమయానికి మొదలైతే సినిమా అయిపోయాక కాస్త వ్యవధి మిగులుతుంది. నేను బటన్ మీద వేలు పెట్టేలోపు అత్తయ్య లోపలి నుంచి వచ్చింది. గోడ పట్టుకుని, గుమ్మానికి భుజం కొట్టుకుని, కౌంటరు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"బస్సు వచ్చిందా?"

"రాలేదత్తయ్యా. మావయ్య మొదలుపెట్టమంటున్నాడు."

"బస్సు రాకుండా ఎలా మొదలుపెడతాడే? ఆఖరి ఆట కూడా వాళ్లకి మొదలు లేకుండా చేస్తామా?"

మావయ్యకు అదే చెప్పాను. అవతల టైము లెక్కలు వేసుకుంటూ గొణిగాడు. తర్వాత, "సరే, ఆవిడ చెప్పినట్టే కానీ. మొదలైన ఆటని ఎవడూ మధ్యలో ఆపడులే" అన్నాడు. ఆయన లోకంలో అది నిజమే. రీళ్లు తిరిగినన్నాళ్లూ, మొదలైన ఆటను కరెంటు తప్ప ఇంకెవరూ ఆపలేదు. గడువనేది లోపలికి రానివ్వడానికే గానీ, లోపలున్నవాళ్లను బయటికి నెట్టడానికి కాదనుకున్నాడు. తలుచుకుంటే బెల్లు లేకుండా మొదలుపెట్టొచ్చు. ఆ పెట్టెకు బెల్లుతో పనేముంది? కానీ మావయ్యకు ఉంది.

ఎదురుచూసి కళ్లు కాయలు కాశాక బస్సు వచ్చింది. దారిలో టైరు పంక్చరైందట. మిల్లువాళ్లు కొద్దిమందే దిగారు, మంచి బట్టలు కట్టుకుని దిగారు. ముందుగా దిగిన ముసలి ఫిట్టరు కౌంటరు కంతలోకి వంగి, "మాకోసం ఆపారా?" అని అడిగాడు. అత్తయ్య ముఖం వెలిగిపోయింది. వాళ్లందరూ లోపలికి వెళ్లాక తనే బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి బటన్ నొక్కింది. పైన బెల్లు మోగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గబగబా లోపలికి నడిచింది, పేర్లు పడకముందే సీట్లో కూర్చుంది.

నేనూ పక్కనే కూర్చున్నాను. నేను సినిమా కంటే ఆవిడనే ఎక్కువ చూశాను. పేర్లు పడుతుంటే ఒక్కొక్కటీ పెదాలు కదుపుతూ చదివింది. చిన్నప్పుడు విడిపోయిన అక్కను వెతుక్కుంటూ బయల్దేరిన చెల్లెలి కథ అది. అక్కాచెల్లెళ్లు తప్పిపోయే ఘట్టం రాగానే అత్తయ్య నన్ను మోచేత్తో పొడిచింది. "చూశావా, మీ మావయ్య చెప్పేది నిజమే. అందరూ చిన్నప్పుడు తప్పిపోతారు" అని నవ్వింది. ఇంటర్వెల్లో లేవలేదు. సీటు పోతుందేమో అన్నట్టు రెండు చేతులూ కుర్చీకి ఆనించి కూర్చుంది. నేను తెచ్చిన పల్లీల పొట్లం విప్పకుండానే ఒళ్లో పెట్టుకుంది.

కథ చివరికొచ్చింది. చెల్లెలు ఊరూరూ తిరిగి ఒక ఇంటి పెరట్లోకి అడుగుపెట్టింది. అక్కడ ఒకావిడ ఇటు వీపు పెట్టి తీగ మీద బట్టలు ఆరేస్తోంది. చెల్లెలు పిలిచింది. ఆవిడ చేతిలో బట్ట తీగ మీదే ఆగింది, తల తిప్పబోయింది.

తెర నల్లబడింది. తర్వాత నీలంగా అయ్యి, మధ్యలో తెల్లటి అక్షరాలు రెండు వరసలు వచ్చాయి.

హాల్లో ఎవరూ అరవలేదు. అదే నన్ను కుంగదీసింది. కుర్చీలు విరగ్గొట్టిన ఊరు ఇది. ఆ రోజు మాత్రం అందరూ నెమ్మదిగా కూర్చున్నారు. వెనక ఎవరో, "ఆపరేటరున్నాడుగా, చూసుకుంటాడులే" అన్నారు. అత్తయ్య కాస్త ముందుకు వంగి, ఆ నీలి వెలుగులోకే చూస్తోంది. నేను లేచి మెట్లెక్కి కేబిన్‌లోకి పరిగెత్తాను.

మావయ్య చెవి దగ్గర ఫోను ఉంది. అవతల కంపెనీ అమ్మాయి గొంతు నాక్కూడా వినబడుతోంది, అంత మర్యాదగా, అంత స్పష్టంగా మాట్లాడుతోంది. "మీ ఇబ్బంది అర్థమైంది సార్. మీ లైసెన్సు టైము అయిపోయింది సార్."

"ఇంక కాసిని నిమిషాలే ఉందమ్మా. ఒక్క సీను. మళ్లీ తాళం పంపితే చాలు. రేపు మీవాళ్లు వచ్చి పెట్టె పట్టుకుపోతారు, నేనేం కాదనట్లేదు."

"మీ హాలు మా సిస్టమ్‌లో క్లోజ్ అయినట్టు చూపిస్తోంది సార్. నా దగ్గర ఆప్షన్ లేదు."

"మా ఆవిడ చూస్తోందమ్మా" అన్నాడు మావయ్య. ఆ అమ్మాయి, ఇంకేమైనా సహాయం కావాలా సార్ అని అడిగింది.

ఫోను లాక్కుని ఆ పిల్లను దులిపేద్దామనిపించింది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది. చిన్న ఓనరుకు చేశాను. ఇంటర్వెల్ ముందే టైల్సువాళ్లతో వెళ్లిపోయాడు, ఫోను ఎత్తలేదు. మావయ్య పెట్టె ముందు నిలబడి మీటలన్నీ ఒక్కొక్కటిగా నొక్కాడు. ఆపి మళ్లీ వెలిగించాడు. అవే అక్షరాలు వచ్చాయి. మూలనున్న పాత మెషీన్ వైపు ఒకసారి చూశాడు. దాంట్లో వెయ్యడానికి ఏముంది? కంతలోంచి కిందికి చూశాడు. అంత జనంలోనూ అత్తయ్య ఎక్కడ కూర్చుందో ఆయనకు తెలుసు, ఆయన ఎంచిన సీటే కదా. "ఇంకా కూర్చునే ఉంది" అన్నాడు.

ఆయనే కిందికి దిగి తెర ముందుకు వెళ్లాడు. ఆ హాల్లో అన్నేళ్లు పనిచేసి, తెర ముందు నిలబడటం అదే మొదలు. నీలి వెలుగు ఆయన తెల్ల చొక్కా మీద పడింది. "బొమ్మ ఆగిపోయింది. ఇంక రాదు. నా చేతుల్లో లేదు, క్షమించండి" అన్నాడు. ముసలి ఫిట్టరు ముందు వరసలోంచి లేచి, "దానిదేముంది ఆపరేటరుగారూ, మళ్లీ ఎప్పుడైనా చూస్తాం" అన్నాడు. అనేశాక ఆయనకే గుర్తొచ్చి తల దించుకున్నాడు. జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. కొందరు వెళ్తూ మావయ్య భుజం తట్టారు.

అత్తయ్య లేవలేదు. మావయ్య వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. నేను వెనక వరసలో కూలబడ్డాను. జీవితమంతా చివరలే చూసిన మనిషికి, మొదలు చూసిన ఒక్క సినిమాకు చివర లేకుండా పోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను కుర్చీ రేకును గోకుతూ కూర్చున్నాను.

"ఏమైందండీ" అంది అత్తయ్య.

"మెషీన్ వేడెక్కింది. లోపల ఏదో కాలింది."

"బస్సు కోసం ఆగకపోతే అయిపోయేదా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం? ఎప్పుడు మొదలుపెట్టినా అక్కడికొచ్చేసరికి కాలిపోయేదే" అన్నాడు మావయ్య, పక్కకు తిరిగి. పక్కన ఖాళీ కుర్చీల అవతల గోడ తప్ప ఏమీ లేదు.

అత్తయ్య కాసేపు ఆయన వైపు చూసింది. ఆవిడకు ఇప్పుడు ఒకసారికి ఒక్క ముఖమే కనబడుతుంది, అది మాత్రం బాగానే కనబడుతుంది.

"మొదళ్లు చెప్పేటప్పుడు కూడా మీరు ఇలాగే గోడవైపు చూసేవారు" అంది.

మావయ్య గోడ మీంచి చూపు తిప్పుకున్నాడు. కుళాయి దగ్గర కవలపిల్లల కథ చెప్పొచ్చిన అత్తయ్య గుర్తొచ్చి, వెనక వరసలో నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అన్నేళ్లూ మేం నవ్వుకున్నది ఎవరిని చూసి?

"అవి బాగానే ఉండేవిలెండి" అంది అత్తయ్య. ఒళ్లో ఉన్న పల్లీల పొట్లం విప్పి ఆయన చేతిలో పెట్టింది. "ఆవిడ వెనక్కి తిరిగాక ఏమైందో, ఇదొక్కటీ చెప్పండి."

మావయ్య మళ్లీ గోడవైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. అత్తయ్య కళ్లు మూసుకుని వింటానికి సిద్ధమైంది. ఆయన అలా చాలాసేపు గోడనే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క ముక్క కూడా రాలేదు.